మాట రాని ప్రార్థన

ధూల్‌పేట్

బిడ్డా,

మీ నాయన పోయినప్పటి నుంచి మోకరిస్తే మాట రావడం లేదని, పైన వినేవాళ్లే లేనట్టుందని రాశావు. ఏదో దాచిన పాపం అడ్డుపడుతోందని ఎవరో అన్నారట. ఆ మాట మనసులో పెట్టుకోకు. యోబు స్నేహితులూ అదే అన్నారు. చివరికి దేవుడు కోపగించింది వాళ్ల మీదే.

ఒంగోలు సంగతి నీకు తెలియాలి. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌ను డే దొర 1836లో మొదలుపెట్టాడు. నెల్లూరులో ఏళ్లు గడిచినా నమ్మినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ఆ ఊరి కోసం ప్రార్థించారు. క్లౌ దొర అక్కడికి వచ్చింది 1866లో. పదేళ్లకు కరువు. జనం రాలిపోతుంటే బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం ఎవరూ రాకూడదని ఆ పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. డే దొర అది చూడకుండానే 1871లో కన్నుమూశాడు.

సాక్ష్యాల్లో అందరూ ఆ 2,222 గురించే చెబుతారు. నా మనసు కొండ మీది ప్రార్థనకూ ఆ రోజుకూ మధ్యలోని 24 ఏళ్ల దగ్గరే ఆగుతుంది. కొండ దిగి వచ్చి వంట చేసుకున్నారు, జబ్బుపడ్డారు, మళ్లీ ప్రార్థించారు. కరువులో వాళ్లకు దేవుడు మరీ దూరమైనట్టు అనిపించి ఉండదా?

మీ పెద్దనాన్న మంచం పట్టిన ఏడు నాకూ ఇంతే. వినాయకుల సీజన్, గల్లీ నిండా టార్పాలిన్ల కింద విగ్రహాలు, రంగుల వాసన. వాటి మధ్య సందు చూసుకుంటూ మందిరానికి పోయేదాన్ని. పాట నోట రాదు. పక్కవాళ్లు పాడుతుంటే పుస్తకం తెరిచి కూర్చునేదాన్ని. ఆ ఏడంతా వాళ్ల ప్రార్థన మీదే బతికాను.

88వ కీర్తన పైకి చదువు. ఓదార్పు లేకుండా చీకట్లోనే ముగుస్తుంది, అయినా బైబిల్లో ఉంది. అలిగితే ఆయనతోనే అలుగు, ఏడుపొస్తే ఆయన ముందే ఏడ్చేయ్. ఆదివారం మానకు, చివరి వరుసలో కూర్చున్నా సరే. ప్రభు బల్ల దగ్గరికి మాత్రం తప్పక వెళ్లు. మనసు కుదుటపడ్డాకే రొట్టె అందుకోవాలన్న నియమం ఎక్కడా లేదు.

నిద్ర పట్టడం లేదన్నావు. అలాగే సాగితే డాక్టరుకు చూపించుకో, మందు వాడటం అవిశ్వాసం కాదు. బుధవారం గృహకూడిక మా ఇంట్లోనే. అన్నం ఇక్కడే తిందువుగాని, రా.

మీ పెద్దమ్మ