జేబులోని నోటు చెప్పే ఇంగ్లిష్ పాఠం

మీ జేబులో వంద రూపాయల నోటుంటే ఒకసారి బయటికి తీయండి. రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ సంతకం దగ్గర చిన్న అక్షరాల్లో 'ఐ ప్రామిస్ టు పే ద బేరర్' అంటూ మొదలయ్యే వాక్యం కనిపిస్తుంది. క్లాసులో ఈ నోటు చూపించి 'బేరర్ అంటే ఎవరు?' అని అడిగితే, ఎవరో ఒకరు 'హోటల్లో టిఫిన్ తెచ్చే ఆయన సార్' అంటారు. మిగతావాళ్లు నవ్వుతారు. నవ్వాల్సిన పని లేదు, ఆ జవాబు మూలం దాకా వెళ్లింది. పళ్లెం మోసుకొచ్చేవాడు బేరర్. నోటు చేతిలో ఉన్నవాడూ బేరరే. (రూపాయి నోటు మీద ఈ హామీ ఉండదు. దాన్ని విడుదల చేసేది కేంద్ర ప్రభుత్వం, సంతకం ఆర్థిక శాఖ కార్యదర్శిది. బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.)

బొమ్మల పుస్తకంలో మనం నేర్చుకున్న బేర్ ఎలుగుబంటి. పరీక్ష పేపర్లో, ఇంటర్వ్యూ లెటర్లో, ఆఫీసు మెయిల్లో ఎదురయ్యే బేర్ చాలాసార్లు అది కాదు. స్పెల్లింగూ పలుకుబడీ ఒకటే అయినా రెండింటి పుట్టుక వేరు. ఈ రెండో బేర్‌కు అర్థం మోయడం, భరించడం. సంస్కృతంలోని 'భృ' ధాతువుకు ఇది దూరపు చుట్టం. భారం, భరించు, భర్త, చివరికి నిరుద్యోగ భృతిలోని భృతి కూడా ఆ ధాతువు నుంచి వచ్చినవే. అంటే ఈ ఇంగ్లిష్ మాట మీకు కొత్తది కాదు, దాని బంధువులతో రోజూ మాట్లాడుతూనే ఉన్నారు.

అందుకే డిక్షనరీలోని అర్థాలన్నీ బట్టీ పట్టొద్దంటాను. 'మోయడం' ఒక్కటి పట్టుకోండి. చెట్టు కాయలు మోస్తే బేర్ ఫ్రూట్. కక్ష మనసులో మోస్తూ తిరిగితే బేర్ ఎ గ్రడ్జ్. వడ్డీ వచ్చే డిపాజిట్ ఇంట్రెస్ట్ బేరింగ్ డిపాజిట్. తిరిగే ఇరుసు బరువును మోసేది బేరింగ్. బండి చక్రం గరగరమంటే మెకానిక్ 'బేరింగులు పోయాయి' అనేది వాటినే. సివిల్ విద్యార్థులకు కప్పు బరువు మోసే గోడ లోడ్ బేరింగ్ వాల్, నేల ఎంత బరువు ఆపగలదో చెప్పేది బేరింగ్ కెపాసిటీ. సర్వేలో బేరింగ్ అంటే మాత్రం దిశను చెప్పే కోణం. దాన్ని విడిగా నేర్చుకోవాల్సిందే.

చెక్కు మీద కూడా పేరు రాసే గీత చివర 'ఆర్ బేరర్' అని ఉంటుంది. ఆ మాట కొట్టేస్తే బేరర్ చెక్కు కాస్తా ఆర్డర్ చెక్కు అవుతుంది. దీనికి ఆధారమైన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది.

అసలు చిక్కు భూతకాల రూపాల్లో ఉంది. బేర్, బోర్, ఆపైన బోర్న్. ఈ మూడోదానికి రెండు స్పెల్లింగులు. 'నేను వరంగల్లో పుట్టాను' అన్నప్పుడు చివర ఇ రాదు. మోయడం, భరించడం అన్నప్పుడు వస్తుంది. నీటితో వ్యాపించే వాటర్‌బోర్న్ జబ్బులకు ఇ ఉంటుంది. ఇంటర్వ్యూ లెటర్లో 'ట్రావెల్ ఎక్స్‌పెన్సెస్ షల్ బి బోర్న్ బై ద క్యాండిడేట్' అని ఉంటే ప్రయాణ ఖర్చు మీదేనని అర్థం. నాకు తెలిసిన ఒక అభ్యర్థి దీన్ని తలకిందులుగా చదువుకుని, రైలు టికెట్ జతచేసి డబ్బుల కోసం నెల రోజులు ఎదురుచూశాడు. పాపం, అతని దగ్గర అప్పటికి ఉన్నదే ఆ కాస్త డబ్బు.

షేర్ మార్కెట్లో మళ్లీ ఎలుగుబంటి వస్తుంది. ధరలు పడతాయని నమ్మి అమ్మేవాడు బేర్. సాధారణంగా సూచీ గరిష్ఠం నుంచి 20 శాతం పడితే బేర్ మార్కెట్ అంటారు. ఎలుగును పట్టకముందే దాని తోలు అమ్మేసేవాడి గురించిన పాత సామెతే దీనికి మూలమని, 18వ శతాబ్దపు లండన్ వ్యాపారుల నోట ఇది స్థిరపడిందని చెబుతారు. మన 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం'కి అది దగ్గరి బంధువు. తమ దగ్గర లేని షేర్లను ముందే అమ్మి, ధర పడ్డాక కొనిచ్చే షార్ట్ సెల్లింగ్ అచ్చంగా ఇదే. ఫైనాన్స్ ఇంటర్వ్యూలో బేర్ అంటే ఏమిటని అడిగితే ఈ కథతో మొదలుపెట్టండి.

కస్టమర్ సపోర్ట్ ఉద్యోగంలో చేరేవాళ్లు మొదటి వారంలోనే నేర్చుకునే వాక్యం 'ప్లీజ్ బేర్ విత్ మి'. కాస్త ఓపిక పట్టండి అని. ఫోన్లో పలికితే చిక్కు లేదు. చాట్‌లోనో మెయిల్లోనో రాసేటప్పుడే చాలామంది బి-ఎ-ఆర్-ఇ అని కొట్టేస్తారు. ఆ బేర్‌కు అర్థం బట్టల్లేని, నగ్నమైన అని. స్పెల్ చెకర్ దాన్ని పట్టుకోకపోవచ్చు, ఎందుకంటే అదీ సరైన మాటే. కాబట్టి సెండ్ నొక్కేముందు బి-ఇ-ఎ-ఆర్ అని ఉందో లేదో మీ కళ్లతో మీరే చూసుకోండి.