గుణమా? దోషమా? ఒక వీడియో గేమ్ చెప్పిన పాఠం

 

మన బడిలో పెద్ద తరగతి పిల్లల్ని ఈ ఏడాది "గుణదోషాలు" మీద ఒక వ్యాసం రాయమన్నాను. ఒక పుస్తకమో, సినిమానో, ఆటో తీసుకుని అందులో మంచి ఏమిటి, లోపం ఏమిటి, ఎందుకు అని చెప్పాలి. ఆదివారం వచ్చిన కాగితాలు చూస్తే సగం "సూపర్‌గా ఉంది, నాకు చాలా ఇష్టం" దగ్గర ఆగిపోయాయి. మిగతా సగం "బోర్". ఎందుకు బోరు అని అడిగితే భుజాలు ఎగరేశారు. సరే, వాళ్ళని అని ఏం లాభం? అదే వారం ఇంట్లో నేను చేసిన ఘనకార్యమూ అదే.

మావాడికి పన్నెండేళ్ళు. మొన్న వేసవిలో మా వీధిలో ఒకరి గరాజ్ సేల్‌లో పాత నింటెండో డి.ఎస్. ఒకటి కొనుక్కున్నాడు. పుస్తకంలా తెరుచుకుంటుంది. పైన ఒక తెర, కింద ఒక తెర. లోపల ఎవరిదో గేమ్ కార్డు అలాగే ఉండిపోయింది. ఆ రోజు నుంచీ చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో అది. భోజనానికి పిలిస్తే మూడో పిలుపుకి గానీ పలకడు. ఒకరోజు విసుగొచ్చి "టైమ్ వేస్టు!" అనేశాను. వాడు తలెత్తి, "ఎందుకు వేస్టు నాన్నా? నువ్వు ఆడి చూశావా?" అన్నాడు. క్లాసులో నేను పిల్లల్ని అడిగే ప్రశ్నే! నా దగ్గర జవాబు లేదు. అందుకని ఆ గేమునే ఈ పాఠానికి తీసుకున్నాను. వాడు పడుకున్నాక రాత్రిళ్ళు కూర్చుని ఆడాను కూడా.

గేము పేరు "ది వరల్డ్ ఎండ్స్ విత్ యూ". స్క్వేర్ ఎనిక్స్, జూపిటర్ అనే జపాను కంపెనీలు తయారు చేశాయి. జపానులో 2007 జూలైలో, అమెరికాలో 2008 ఏప్రిల్‌లో వచ్చింది. దీన్ని "అర్బన్ ఫాంటసీ యాక్షన్ రోల్ ప్లేయింగ్" గేమ్ అంటారు. కంగారు పడకండి, విడదీసి చూద్దాం. రోల్ ప్లేయింగ్ అంటే మనం కథలో ఒక పాత్రగా దిగుతాం, ఆడేకొద్దీ ఆ పాత్ర బలం పెరుగుతుంది. యాక్షన్ అంటే పోరాటం చదరంగంలా వంతులవారీగా కాదు, చెయ్యి ఎంత చురుగ్గా కదిలితే అంత. ఇక అర్బన్ ఫాంటసీ అంటే మనం రోజూ తిరిగే నగరంలోనే మాయలు, దేవతలు, భూతాలు ఉండటం. ఇది మనకేం కొత్త కాదు. 1994లో వచ్చిన "యమలీల" సినిమాలో యముడూ చిత్రగుప్తుడూ పోయిన పుస్తకం వెతుక్కుంటూ భూమి మీదకి దిగి వస్తారు, యముడుగారు ఐస్‌క్రీమ్ రుచి మరుగుతారు. "జగదేకవీరుడు అతిలోకసుందరి"లో ఇంద్రుడి కూతురు విశాఖపట్నం గైడు వెంట పడుతుంది. మన తెలుగువాళ్ళకి ఆ పేరు తెలియదు గానీ సరుకు బాగానే తెలుసు.

ఈ గేములో నగరం టోక్యోలోని షిబుయా. పదిహేనేళ్ళ నెకు అనే కుర్రాడు నడివీధిలో మెలకువలోకి వస్తాడు. ఏం జరిగిందో గుర్తుండదు. ఎవరితోనూ మాట్లాడటం ఇష్టం లేదు, హెడ్‌ఫోన్లు తియ్యడు (ఇక్కడ నేను మావాడి వైపు ఒకసారి చూశాను). అతను చిక్కుకున్నది యమభటుల లాంటి వాళ్ళు నడిపే ఆటలో. ఏడు రోజులు. రోజూ సెల్‌ఫోన్‌కి ఒక పని వస్తుంది, అరచేతి మీద గడియారం తిరుగుతుంది. ఆడేవాళ్ళంతా అప్పటికే చనిపోయినవాళ్ళు. గెలిస్తే మళ్ళీ బతకొచ్చు, ఓడితే చెరిపేస్తారు. ఈ ముక్క ముందే చెప్పేసినందుకు మావాడు నన్ను క్షమించాలి, మిగతా కథ చెప్పను. సావిత్రి యముడితో వాదించి భర్త ప్రాణం తెచ్చుకున్న కథ విన్న పిల్లలకి ఇదేం వింతగా ఉండదు. కాకపోతే ఇక్కడ ప్రవేశ రుసుము కూడా ఉంది. నీకు అన్నిటికన్నా ప్రియమైనది ఏదో అది ముందే తీసేసుకుంటారు. మీదేం తీసుకుంటారు అని క్లాసులో అడిగితే ఒకడు "నా జుట్టు" అన్నాడు.

ఇక గుణాలు. మొదటిది, ఊరు ఊరులా ఉంటుంది. పేరు మోసిన నాలుగు రోడ్ల కూడలి ఉంది, స్టేషను ముందు హచికో విగ్రహం ఉంది. హచికో అనే కుక్క 1925లో యజమాని చనిపోయాక కూడా దాదాపు పదేళ్ళు రోజూ ఆ స్టేషనుకి వెళ్ళి ఎదురుచూసింది. ఆ కథ మావాడికి ఈ గేము వల్లే తెలిసింది, నాకు వాడి వల్ల తెలిసింది. రెండోది, వీధిలో నడిచే మనుషుల మనసులో మాటలు నెకుకి వినిపిస్తాయి. ఒకరికి ఉద్యోగం బెంగ, ఇంకొకరికి స్నేహితుడితో పేచీ. ఆ దిగులునీ కోపాన్నీ అంటిపెట్టుకుని తోడేళ్ళు, కప్పల రూపంలో శత్రువులు తిరుగుతుంటారు. వాటి పేరు "నాయిస్". మా వృత్తిలో సిగ్నల్‌కి అడ్డొచ్చే రొదని అలాగే అంటాం కాబట్టి నాకు ఈ పేరు తెగ నచ్చింది. వాటిని కొడితే ఆ మనిషి మనసు తేలికపడుతుంది. మనుషులంటే గిట్టని కుర్రాడికి రోజంతా మనుషుల గోడు వినే పని!

మూడోది తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలి. నెకు శక్తులన్నీ చొక్కాకి పెట్టుకునే బిళ్ళల్లాంటి పిన్నుల్లో ఉంటాయి. గేము కట్టేసి ఉన్నప్పుడు కూడా ఆ పిన్నులు పెరుగుతాయి. తిండి తింటే బలం వస్తుంది గానీ రోజుకి ఇంతే అని హద్దు. ఆడకుండా ఉండటాన్ని కూడా లెక్కలో వేసుకునే గేము నేను వేరే చూడలేదు. "ఇవాళ ఆపేస్తున్నా నాన్నా, పిన్ను పెరగాలి" అని మావాడు అన్న రోజు మా ఆవిడ నమ్మలేదు.

దోషాలకి వద్దాం. మొదట్లో వివరణలు మరీ ఎక్కువ. వీధుల మధ్య కనపడని గోడలు కట్టి, ఈ కంపెనీ బట్టలు వేసుకో, అది పట్టుకురా అని చిల్లర పనులు చెబుతారు. తిరిగిన చోటే తిరగాలి. బట్టల పిచ్చి కూడా ఉంది. ఏ పేటలో ఏ బ్రాండు ఫ్యాషనో అది పెట్టుకుంటే బలం పెరుగుతుంది. మిడిల్ స్కూలు పిల్లలకి ఇది విడిగా నేర్పాలా? అయితే మావాడు ఇక్కడ నన్ను సరిదిద్దాడు. ఒకే బ్రాండుతో ఎక్కువ పోరాడితే ఆ పేటలో ఫ్యాషనే మారిపోతుందట. మనం దాని వెంట పడక్కర్లేదు, అదే మన వెంట వస్తుంది. సరే, సగం దోషం కొట్టేశాను. కింది తెర మీద పుల్లతో గీస్తే ఒక శక్తి, తాకితే ఒక శక్తి. మనం ఒకటి గీస్తే అది ఇంకోటి అనుకోవడం మాత్రం కొట్టెయ్యలేని దోషం. గేముకి "టీన్" రేటింగు ఉంది, అంటే పదమూడు నిండినవాళ్ళకి. రక్తపాతం లేదు గానీ చావు మాట చాలా వస్తుంది. చిన్నవాళ్ళకి ఇచ్చే ముందు మీరు చూడండి.

నేనూ మావాడూ పోట్లాడుకున్నది రెండు తెరల దగ్గర. పోరాటంలో నెకు కింది తెరలో, అతని భాగస్వామి పై తెరలో ఉంటారు. కుడిచేత్తో కింద పుల్లతో గీస్తూ, అదే సమయంలో ఎడమచేత్తో బటన్లు నొక్కి పైవాళ్ళని ఆడించాలి. ఇద్దరికీ కలిపి ఒకటే ప్రాణరేఖ. ఒక వెలుగు బిళ్ళ వంతులవారీగా పైకీ కిందకీ వెళ్తుంటుంది, అది ఎవరి దగ్గరుంటే వాళ్ళ దెబ్బకి బలం ఎక్కువ. నా చత్వారం కళ్ళద్దాలతో పైన చూస్తే కింద దెబ్బ, కింద చూస్తే పైన దెబ్బ. బటన్లు వదిలేస్తే పైవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే కాస్త పోరాడతారు గానీ అదీ అంతంతమాత్రమే. ఇంజనీరుగా నా తీర్పు: ఇది డిజైను లోపం, మనిషికి ఒక జత కళ్ళే ఉంటాయి. మావాడి తీర్పు: అందులోనే అంతా ఉంది. ఇంకొకరితో కలిసి నడవడం నెకుకి కష్టం, మనకీ కష్టంగానే ఉండాలి కదా అని.

నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. 2018లో ఇదే గేము నింటెండో స్విచ్ మీద "ఫైనల్ రీమిక్స్" పేరుతో వచ్చింది. మావాడి స్నేహితుడి దగ్గర తెచ్చి చూశాను. దానికి ఒకటే తెర. భాగస్వామి కూడా మన పక్కనే, వేలు పెడితే వచ్చి కొట్టి వెళ్తుంది. హాయిగా ఆడాను. నేను చెప్పిన దోషం పోయింది. కానీ నాలుగో రోజుకి ఆ అమ్మాయి పేరు షికి అన్న సంగతే మరిచిపోయాను. పాత దానిలో ఆమెకి దెబ్బ తగిలితే నా గుండె గుభేలుమనేది. దోషంతో పాటు ఇంకేదో కూడా పోయింది మరి. టీవీకి పెట్టుకుని ఆడితే చేతిలోని కర్ర చూపే గురి మెల్లగా పక్కకి జరిగిపోతుంటుంది, అది కొత్త దోషం.

ఆ రాత్రి మళ్ళీ డి.ఎస్. తీశాను. మావాడు పక్కన కూర్చుని, "నువ్వు పైన చూసుకో నాన్నా, కింద నేను చూసుకుంటా" అన్నాడు. ఒకే డి.ఎస్. ఇద్దరం చెరో పక్క పట్టుకున్నాం. నా ఎడమచెయ్యి బటన్ల మీద, వాడి చేతిలో పుల్ల. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఒకరి మాట ఒకరికి వినపడదని తీసేశాం. "పైకి! పైకి!" అని వాడు, "ఆగరా!" అని నేను. రెండుసార్లు ఓడి మూడోసారి గెలిచాం. ఆ అరుపులకి మా ఆవిడ లేచి వచ్చి ఇద్దరినీ కలిపి తిట్టింది.

వచ్చే ఏడాది ఈ వ్యాసం రాసే పిల్లలకి నాదొకటే షరతు. మీరు గుణం అన్న దాన్ని ఎవరైనా దోషం అంటే వాళ్ళెందుకు అంటున్నారో కూడా రెండు వాక్యాలు రాయాలి. అలా రాసినవాళ్ళకి నేను మార్కులు తియ్యను. మావాడు రెండు తెరల మీద పేజీన్నర రాశాడు, నా వాదన కూడా నిజాయితీగానే పెట్టాడు. పదికి తొమ్మిది వేశాను. ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు. వ్యాసం పొడుగునా, శీర్షికతో సహా, "గుణదోశలు" అని రాశాడు మరి. క్లాసులో చదివితే అందరికీ ఆకలేసింది.