సాదో దీవిలో తోకి పక్షి

జపాను ప్రధాన ద్వీపానికి పడమటి సముద్రంలో సాదో అనే దీవి ఉన్నది. నీగాతలో ఓడ ఎక్కి ర్యోత్సు రేవులో దిగిన యాత్రికులు చాలామంది "తోకి నో మోరి" పార్కు చూడటానికి వెళతారు. తోకి మన చెరువుగట్ల మీద కనబడే కంకణం పిట్టకు దగ్గర చుట్టం. తెల్లని ఒళ్ళు, ఎర్రని ముఖం, వంగిన పొడుగాటి ముక్కు, రెక్కల అడుగున లేత గులాబి ఛాయ. శాస్త్రీయ నామం నిప్పోనియా నిప్పాన్. దేశం పేరు రెండుసార్లు మోసిన ఈ పక్షి ఆ దేశంలోనే మాయమైపోయింది!

మొదట ఈకల కోసం వేటాడారు. తర్వాత పురుగుమందులు వచ్చాయి. తోకి బురదలో ముక్కు గుచ్చి చేపపిల్లల్నీ, కప్పల్నీ, పురుగుల్నీ ఏరుకు తింటుంది. మడిలో అవి లేకపోతే దానికి తిండి లేదు. 1981లో అడవిలో మిగిలిన ఐదింటినీ పట్టి పంజరంలో పెట్టారు గాని సంతానం కలగలేదు. జపానులో పుట్టిన చివరి తోకి, "కిన్" అనేది, 2003లో చనిపోయింది.

అదృష్టవశాత్తూ ఆ 1981లోనే చైనాలోని యాంగ్ జిల్లాలో ఏడు పక్షులు దొరికాయి. చైనా 1999లో ఒక జంటను జపానుకు కానుకగా ఇచ్చింది. ఆ ఏడే పిల్ల పుట్టింది. మరి ఇది చైనా పిట్టే కదా అంటారేమో. జాతి ఒక్కటే. అసలు చిక్కు వేరే ఉంది: ఇంత సంతతికీ మూలం ఆ కొద్ది పక్షులే.

పార్కులో అద్దం చాటునుంచి తోకిని చాలా దగ్గరగా చూడవచ్చు. కాని నా దృష్టిలో పంజరంలో పెంచడం సులువైన భాగం. అదీ పూర్తిగా సులువు కాదనుకోండి. 2010లో మార్టెన్ అనే, ముంగిసలాంటి జంతువు శిక్షణ పంజరంలో దూరి తొమ్మిదింటిని చంపేసింది.

2008లో పది పక్షుల్ని వదిలారు. వాటికి తిండి పెట్టవలసింది రైతులు. మందులు, ఎరువులు సగానికి తగ్గించాలి, చలికాలంలోనూ మడిలో నీరు నిలపడమో, నీరు తీసేసినప్పుడు చేపలు దాక్కోవడానికి మడి అంచున కాలువ తవ్వడమో, ఇలాంటిది ఒకటైనా చేయాలి, ఏటా రెండుసార్లు మడిలో ఏయే ప్రాణులున్నాయో లెక్కచూడాలి. ఇవన్నీ చేసినవారి బియ్యం ప్రత్యేక గుర్తుతో అమ్ముడవుతుంది. 2012లో, 36 ఏళ్ళ తర్వాత, అడవిలో తోకి గుడ్లు పొదిగి పిల్లలయ్యాయి. 2019లో "అడవిలో అంతరించినవి" అన్న పట్టిక నుంచి దాని పేరు తీసేశారు.

నాట్లు తొక్కేస్తుందని ఒకప్పుడు రైతులు అదిలించిన పిట్టే ఇది. ఇప్పుడూ తొక్కుతుంది. పొలాల్లో దాన్ని చూడదలచినవారు మాత్రం కారు దిగకుండా, దూరం నుంచే చూడాలి.