వరుసలో చివరి పేరు

చిరంజీవి సాహితికి,

నీకు మీ ఎయిర్‌లైన్ కంపెనీ నుంచి, ఉద్యోగం పోవచ్చంటూ వార్న్ లేఖ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి కంగారు చూసి ముందు వాడికే ధైర్యం చెప్పాల్సి వచ్చింది. "పిల్ల పనిలో ఏదైనా లోపం జరిగిందేమో అన్నయ్యా" అన్నాడు. ఆ అనుమానం నీ మనసులోనూ ఏదో మూల ఉండే ఉంటుంది. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ లేఖ సంగతి. అమెరికాలో 1988 నాటి వార్న్ చట్టం ప్రకారం 100 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ ఒక్కసారిగా ఎక్కువమందిని తగ్గించాలనుకుంటే 60 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. చివరికి ఎంతమందిని పంపాలో తేలకముందే, చట్టానికి చిక్కకుండా ఉండటానికి కంపెనీలు ఎక్కువ మందికే లేఖలు పంపుతాయి. కోవిడ్ వచ్చిన 2020 జులైలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 36,000 మంది ఉద్యోగులకు ఇలాంటి హెచ్చరికలు పంపింది. అక్టోబరు 1న నిజంగా ఇంటికి వెళ్లినవాళ్లు సుమారు 13,000 మంది. అందులో పైలట్లు లేరు. 2,850 మంది పైలట్ల ఉద్యోగాలు పోతాయనుకున్న చోట, గడువుకు కొద్ది రోజుల ముందు యూనియన్, కంపెనీ కూర్చుని, ఉన్న పని గంటలనే అందరూ పంచుకునేలా ఒప్పందం చేసుకున్నాయి. కాబట్టి నీ చేతిలో ఉన్నది హెచ్చరిక మాత్రమే. అలాగని పనికిరాని కాగితంగా తీసి పారేయకు. అదే అక్టోబరులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ దాదాపు 1,600 మంది పైలట్లను నిజంగానే ఫర్లో చేసింది, అంటే తిరిగి పిలిచే హక్కు ఉంచి జీతం లేకుండా ఇంటికి పంపింది.

ఇక లోపం మాట. ఈ దేశంలో పెద్ద ఎయిర్‌లైన్స్‌లో ఫర్లో ఎవరికి రావాలో ఏ మేనేజరూ ఎంచడు. నువ్వు చేరిన తేదీని బట్టి నీకొక సీనియారిటీ నంబరు ఇచ్చారు. ఏ విమానం నడపాలో, ఏ ఊరు బేస్‌గా ఉండాలో, ఏ నెల ఏ ట్రిప్పులు దొరుకుతాయో, పండక్కి సెలవు వస్తుందో రాదో, కెప్టెన్ సీటు ఎప్పుడో, అన్నీ ఆ నంబరే చెబుతుంది. మనుషులను తగ్గించాల్సి వస్తే ఆ వరుసను కింది నుంచి కోస్తారు. మళ్లీ పిలిచేటప్పుడు పైనుంచి పిలుస్తారు. కృష్ణా డెల్టాలో మన పొలం కాలవ చివర ఉండేదని మీ నాన్నకు గుర్తు చెయ్యి. నీళ్లు చాలని ఏడు ముందు ఎండేది చివరి ఆయకట్టే. ఆ రైతుకు సేద్యం రాక కాదు, తూముకు దూరంగా ఉండి. 2001లో నేనూ ఫర్లో అయి ఇంటికొచ్చినప్పుడు, నాకంటే చక్కగా విమానం దించగలవాళ్లు నాతోపాటే ఇంటికొచ్చారు.

"ఇదేం న్యాయం, బాగా పనిచేసేవాళ్లను ఉంచుకోవాలి కదా" అని నీ స్నేహితులు అంటారు. నేను ఈ పద్ధతి పక్షానే ఉంటాను, అందుకు కారణం ఉంది. రెక్కల మీద మంచు పేరుకుంది, వెనక 180 మంది కూర్చున్నారు, ఆలస్యమైపోతోంది. కెప్టెన్ "మళ్లీ డీ-ఐసింగ్ చేస్తే తప్ప ఈ విమానం కదలదు" అంటాడు. ఆ మాట అన్నందుకు రేపు ఉద్యోగాల కోతలో తన పేరు ముందుకు రాదని అతనికి తెలుసు కాబట్టే గొంతు తడబడకుండా అంటాడు. పైలట్ల బతుకు పై అధికారి మెప్పు మీద ఆధారపడితే, ఆ భయం కాక్‌పిట్‌లోకి వచ్చి కూర్చుంటుంది. ఈ రోజు నిన్ను బాధపెడుతున్న వరుసే, పాతికేళ్ల తరువాత నువ్వు కెప్టెన్‌గా ఎడమ సీట్లో ఉన్నప్పుడు నీ మాటకు బలం.

ఆ వరుసలో అన్యాయం జరగదని కాదు. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏ అనే ఎయిర్‌లైన్‌ను కొన్నప్పుడు, టీడబ్ల్యూఏ పైలట్లలో చాలామందిని జాబితా అడుగున చేర్చారు. ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు నిన్నమొన్న చేరినవాళ్ల కిందికి వెళ్లారు. ఆ సెప్టెంబరు దాడుల తరువాత కోత మొదలయ్యేసరికి దెబ్బ వాళ్ల మీదే పడింది. అందుకే 2007లో మెక్‌కాస్కిల్-బాండ్ చట్టం వచ్చింది: రెండు సంస్థలు కలిస్తే జాబితాలను న్యాయంగా కలపాలని. మరొకరి కష్టం మీద నిలిచిన చట్టం అది. మీ కంపెనీ విలీనం గురించి పుకార్లు వస్తే ఈ పేరు గుర్తుపెట్టుకో.

క్రూ రూముల్లో వినబడే లెక్కలను నమ్మకు. "మూడు వందల మంది పోతారు, ఖాయం" అంటూ ఒకడు తేలుస్తాడు. అది అంత తేలిక కాదు. కింద ఉన్న ఒక ఫస్ట్ ఆఫీసర్‌ను తీసేస్తే ఆ ఖాళీలోకి పైనుంచి ఒకరు దిగాలి. పెద్ద విమానం కెప్టెన్ చిన్న విమానం కెప్టెన్ అవుతాడు, చిన్న విమానం కెప్టెన్ మళ్లీ కుడి సీట్లోకి వస్తాడు. ప్రతి కదలికకూ శిక్షణ కావాలి, సిమ్యులేటర్ కావాలి, శిక్షణలో ఉన్నన్నాళ్లూ ఆ మనిషి ప్రయాణికులను మోయకుండానే జీతం తీసుకుంటాడు. ఒక రకం విమానాలను మొత్తంగా పక్కన పెడితే ఈ గొలుసు ఇంకా పొడుగు. 2020లో డెల్టా ఎయిర్‌లైన్స్ ఎండీ-88లను, 777లను పక్కన పెట్టింది, అమెరికన్ 757లను, 767లను వదిలేసింది. అప్పుడు ఎందరో సీనియర్లు కొత్త విమానాలు నేర్చుకోవాల్సి వచ్చింది. అందుకే తెలివైన కంపెనీలు ముందు స్వచ్ఛంద సెలవులు, ముందస్తు రిటైర్మెంట్లు అడిగి చూస్తాయి. డెల్టా ఆ ఏడు దాదాపు 1,800 మంది సీనియర్ పైలట్లను అలా ఇంటికి పంపి, కింద ఒక్క పైలట్‌నూ ఫర్లో చేయకుండా గట్టెక్కింది. మీ కంపెనీ ఇలాంటివి ప్రకటించిందా? ఎంతమంది ఒప్పుకుంటున్నారు? పుకార్లు వదిలేసి ఆ సంఖ్య గమనించు.

ఎన్నాళ్లు అని అడుగుతావు. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరా ఉండదు. 2001 తరువాత ఇంటికెళ్లినవాళ్లలో కొందరికి పిలుపు రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. మధ్యలో చమురు ధరలు పెరిగాయి. 2007 డిసెంబరులో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కు మారి పైవాళ్లు కదలడం ఆగిపోయింది. ఏడాది తిరిగేసరికి ఆర్థిక మాంద్యం. ఒకసారి వెనక్కి వచ్చి, రెండోసారి కూడా ఇంటికెళ్లినవాళ్లున్నారు. 2020లో చూడు: ఏప్రిల్ 14న దేశం మొత్తం మీద విమానాశ్రయాల తనిఖీ దాటినవాళ్లు దాదాపు 87 వేలమంది. ముందు ఏడాది అదే సమయంలో రోజుకు 20 లక్షలకు పైనే. ఇక ఈ వృత్తి పని అయిపోయిందనుకున్నాం. కానీ అక్టోబరులో ఇంటికెళ్లిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లను, డిసెంబరు చివర కాంగ్రెస్ మళ్లీ జీతాల సాయం మంజూరు చేయగానే వెనక్కి పిలిచారు. ఆపైన రెండేళ్లకు పైలట్లు చాలక చిన్న ఊళ్లకు సర్వీసులే తగ్గించారు. నువ్వు అంత త్వరగా ఉద్యోగంలో చేరడానికి కారణం ఆ కొరతే. కాబట్టి రెండు నెలలకూ, పదేళ్లకూ ఒకేసారి సిద్ధపడాలి. కష్టమే, కానీ నిజం అదే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. ఈ 60 రోజులూ నువ్వింకా విమానం నడుపుతావు. లేఖ బ్యాగులో పెట్టుకుని కుడి సీట్లో కూర్చుంటావు. బ్రీఫింగ్‌కు ముందే కెప్టెన్‌తో ఒక మాట చెప్పు: "నాకు లేఖ వచ్చింది, ఇవాళ నేను బాగానే ఉన్నాను." దాచిపెట్టిన బాధ చెక్‌లిస్టు మధ్యలో బయటపడుతుంది. పదివేల అడుగుల లోపు పనికి సంబంధించని మాట కూడదన్న నియమాన్ని ఈ రెండు నెలలు ఎప్పటికంటే గట్టిగా పాటించు. కంపెనీ సంగతులు పైకి వెళ్లాక మాట్లాడుకోవచ్చు. ముందు రాత్రి నిద్ర పట్టకపోతే, మనసు నిలవకపోతే ఆ రోజు ఎగరనని చెప్పు. ఎలాగూ పోయే ఉద్యోగం కదా అని నిర్లక్ష్యమూ వద్దు, ఎలాగైనా నిలబెట్టుకోవాలని ఒంట్లో బాగాలేకపోయినా వెళ్లడమూ వద్దు. వెనక కూర్చున్నవాళ్లకు నీ సీనియారిటీ నంబరుతో పని లేదు.

మన ఇళ్లలో దిగులు బయటికి చెప్పుకోరు. పైలట్లు అసలే చెప్పుకోరు, డాక్టరుకు తెలిస్తే మెడికల్ సర్టిఫికెట్ పోతుందని భయం. మీ యూనియన్‌లో తోటి పైలట్లతో గోప్యంగా మాట్లాడే ఏర్పాటు ఉంటుంది. కనుక్కుని, అవసరం రాకముందే ఆ నంబరు దగ్గర పెట్టుకో.

ఇంటికొచ్చే రోజు వస్తే చెయ్యి పాడవకుండా చూసుకోవాలి. చిన్న విమానమైనా సరే, 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు, ఆరు నెలల్లో ఆరు ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్‌లు. ఆ లెక్క తప్పనివ్వకు. నీ వయసుకు ఫస్ట్ క్లాస్ మెడికల్ ఏడాదికోసారే. దానికయ్యే ఖర్చు చూసి వెనకాడకు. నీ దగ్గర ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఉంది, అది బంగారం. నేను ఫర్లోలో ఉన్న ఏళ్లలో ఇన్‌స్ట్రుమెంట్ విద్యార్థులకు పాఠాలు చెప్పాను. మేఘాల్లో దారి తప్పుతున్న పిల్లవాడికి ఓపిగ్గా చెబుతుంటే, నాకు తెలుసనుకున్నవి ఎంత పైపైన తెలుసో అర్థమయ్యేది. తిరిగి వెళ్లాక నన్ను మంచి కెప్టెన్‌ని చేసింది ఆ పనే.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. కొత్త కారు మాట ఆపు, ఆరోగ్య బీమా ఏ రోజుతో ఆగుతుందో కనుక్కో, నిరుద్యోగ భృతికి మొదటి వారమే దరఖాస్తు పెట్టు. నీలాంటి ఉద్యోగుల కోసం కంపెనీలు కట్టిన పన్నుల మీదే నడిచేది అది, సిగ్గుపడాల్సింది లేదు.

చివరగా ఒక కష్టమైన సంగతి. వేరే కంపెనీ, బహుశా కార్గో కంపెనీ, నీకు ఉద్యోగం ఇస్తామంటుంది. మీ కంపెనీలో తిరిగి వెళ్లే హక్కు వదులుకుంటూ రాజీనామా రాసిస్తేనే తీసుకుంటామని కొందరు షరతు పెడతారు. శిక్షణ ఇచ్చాక నువ్వు వెళ్లిపోతే వాళ్లకు నష్టం, వాళ్ల లెక్క వాళ్లది. కానీ నంబరు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి రాదు. అక్కడ మళ్లీ అడుగునే మొదలు. అలాగని నంబరును పట్టుకుని వేలాడటమూ ప్రతిసారీ మంచిది కాదు. కంపెనీ బతికి ఉన్నంతవరకే ఆ నంబరుకు విలువ. 1991 డిసెంబరు 4న పాన్ యామ్ ఆగిపోయిన రోజు జాబితాలో మొదటివాడూ, చివరివాడూ ఒక్కటే అయ్యారు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడు మీ నాన్న చూసింది కూడా అదే, అందుకే వాడికంత భయం. కాబట్టి ముందు మీ కంపెనీ నిలుస్తుందా, అప్పులెంత, చేతిలో నగదెంత అని చూడాలి. నిలిచేదైతే నాలుగైదేళ్లు ఎదురుచూసినా నష్టం లేదు, నీకు వయసుంది. నిలవనిదైతే తొందరగా కదలాలి.

కాంట్రాక్టులో ఫర్లో, రీకాల్ సెక్షన్లు నాకు పంపు. పిలుపు వస్తే ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, ఒకసారి కాదంటే నంబరు పోతుందా, అవన్నీ అక్కడే ఉంటాయి. ఇల్లు ఖాళీ చేసి మీ అమ్మ దగ్గరికి వెళ్లేట్టయితే కంపెనీకీ, యూనియన్‌కీ కొత్త చిరునామా రాసివ్వు. ఏ రాజీనామా కాగితం మీదైనా సంతకం పెట్టేముందు, అర్ధరాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యి.

పెదనాన్న