ఫ్యాటీ లివర్‌కు ఇమ్యూనిటీ పెంచుకోవాలా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మద్యం అలవాటు లేదు, షుగర్ ఉంది. స్కానింగ్‌లో గ్రేడ్-2 ఫ్యాటీ లివర్ అన్నారు. ఒంట్లోని రక్షణ కణాలే కాలేయాన్ని పాడు చేస్తాయని ఎక్కడో చదివాను. ఇంట్లోవాళ్లేమో ఇమ్యూనిటీ పెరగాలంటూ రోజూ తిప్పతీగ కషాయం తాగిస్తున్నారు. ఏది నమ్మాలి?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు ఆ కషాయం ఆపేయండి. తిప్పతీగ వాడిన కొందరిలో, రక్షణ వ్యవస్థ సొంత కాలేయం మీదే దాడి చేసే తరహా హెపటైటిస్ కనిపించినట్టు 2021లో ముంబయి వైద్యులు వెల్లడించారు. మీరు చదివిందీ నిజమే.

కాలేయానికి చేరే రక్తంలో సుమారు ముప్పావు వంతు పోర్టల్ సిర ద్వారా, ప్రధానంగా పేగుల వైపు నుంచి వస్తుంది. అందులో కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను, వాటి తునకలను కుఫర్ కణాలు ఎప్పటికప్పుడు మింగేస్తాయి. కాలేయంలోనే కాపురముండే రక్షణ కణాలు, అంటే మాక్రోఫేజ్‌లివి. ఆరోగ్యంగా ఉన్నంతకాలం ఈ పని గొడవ లేకుండా సాగిపోతుంది. కొవ్వు పేరుకుని కాలేయ కణాలు ఉబ్బి చనిపోతుంటే మాత్రం ఆ శిథిలాలు కుఫర్ కణాలను రెచ్చగొడతాయి. పేగు గోడ పట్టు సడలితే అటునుంచి వచ్చే విషాలూ తోడవుతాయి. అప్పుడు కుఫర్ కణాలు టీఎన్ఎఫ్ వంటి వాపు రసాయనాలు వదులుతూ, రక్తంలోని మోనోసైట్లనే రక్షణ కణాలను పిలుస్తాయి. అలా వచ్చినవి మాక్రోఫేజ్‌లుగా మారి, చనిపోతున్న పాత కుఫర్ కణాల చోటును ఆక్రమిస్తాయి. వీటి దూకుడు ఎక్కువ. టి-కణాలనే మరో రకం రక్షణ కణాలూ వీటికి జతకలుస్తాయి.

అసలు నష్టం ఆ తర్వాతే. మామూలుగా విటమిన్-ఎ దాచుకునే స్టెల్లేట్ కణాలు ఈ కణాల సంకేతాలతో కొలాజెన్ తయారీకి దిగుతాయి. అదే మచ్చ, అంటే ఫైబ్రోసిస్. అందరికీ ఇంతదాకా రాదు. వచ్చినవారిలో ఏళ్ల తరబడి ముదిరితే సిర్రోసిస్ అవుతుంది.

ప్రశ్న: మరి కాలేయంలో వాపు తెచ్చే ఆ రక్షణ కణాలను అణిచే మందు ఇవ్వకూడదా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ప్రయత్నించారమ్మా. మోనోసైట్లు కాలేయానికి చేరకుండా అడ్డుకునే సెనిక్రివిరాక్ అనే మందు మూడో దశ పరీక్షల్లో ఫలితం చూపలేదు. మాక్రోఫేజ్‌లలోనే కొన్ని మచ్చను కరిగించే పనీ చేస్తాయి. అందుకే అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. స్టెరాయిడ్లు వాడితే బరువు, షుగర్, కాలేయంలో కొవ్వు పెరిగే ప్రమాదముంది.

కణాలను రెచ్చగొడుతున్న కొవ్వును తగ్గించడమే ఇప్పటికి గట్టి దారి. 2024లో అమెరికా అనుమతించిన రెస్మెటిరోమ్ మందు కూడా కాలేయ కణాల్లోని కొవ్వు మీదే పనిచేస్తుంది. అధిక బరువున్నవారు తమ మొత్తం బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు చల్లారుతుంది. 10 శాతం దాటితే చాలామందిలో మచ్చ కూడా వెనక్కి తగ్గుతుంది.

కరీంనగర్ పాఠకుడికి మరో మాట. స్కానింగ్ గ్రేడ్ కొవ్వును చెబుతుందే తప్ప వాపునూ మచ్చనూ చెప్పదు. మీకు షుగర్ ఉంది కాబట్టి, వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లతో లెక్కగట్టే ఫిబ్-4 స్కోరు ఎంతో మీ డాక్టరుగారిని అడగండి. అది 1.3 దాటితే మచ్చను అంచనా వేసే ఫైబ్రోస్కాన్ చేయించుకోండి.