బండి ఎంచే ముందు దారికి తాడు పట్టండి

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి సగం ఒకటే గొడవ. ఫోర్ బై ఫోర్ కొంటున్నాం, షార్ట్ చాసీయా లాంగ్ చాసీయా? పొట్టో పొడవో తేల్చేది వీల్‌బేస్, అంటే ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా ఉన్న దూరం. బండికీ బండికీ తేడా మహా అయితే రెండు మూడు జానలుంటుంది. దాని మీద ఇళ్ళల్లో జరిగే వాదనలు మాత్రం రాత్రి భోజనాల దగ్గర మొదలై తెల్లవారినా తెగడం లేదట.

ప్రశ్న: అయ్యా, మాకు కాఫీ తోట ఉంది. తారు రోడ్డు దిగాక మూడు కిలోమీటర్లు మట్టి దారి. మధ్యలో రెండు గట్లు, వాన నీళ్ళు కోసేసిన చోటొకటి. మూడు తలుపుల థార్ కొనాలా, పొడవాటి థార్ రాక్స్ కొనాలా? షోరూమ్ కుర్రాడు కొండ మీద రెండూ ఒకటే అంటున్నాడు.
– కాఫీ రైతు, పాడేరు

జవాబు: కుర్రాడు చెప్పింది సగం నిజం. గట్టుకు ముక్కు తగలకుండా ఎక్కే కోణం, తోక తగలకుండా దిగే కోణం రెండు బండ్లకూ దాదాపు సమానమే. ఎందుకంటే అవి చక్రాల అవతల ముందుకూ వెనక్కూ పొడుచుకొచ్చిన భాగాన్ని బట్టి ఉంటాయి, వీల్‌బేస్‌ని బట్టి కాదు. తేడా పొట్ట దగ్గర వస్తుంది. థార్ వీల్‌బేస్ 2450 మి.మీ., రాక్స్‌ది 2850. గట్టు నెత్తిన పొట్ట ఆనకుండా దాటగల కోణం థార్‌కు 26 డిగ్రీల పైచిలుకు, రాక్స్‌కు 24కు రవ్వంత తక్కువ.

ఈ రెండు డిగ్రీలు మీకు అవసరమా కాదా అన్నది నేను చెప్పలేను, మీ గట్టే చెప్పాలి. ఇద్దరు మనుషుల్ని, ఒక తాడును తీసుకుని తోటకు వెళ్ళండి. తాడు 2850 మి.మీ. కొలిచి, గట్టుకు అటొకరు ఇటొకరు నిలబడి, రెండు కొసలనూ బండి పొట్ట ఎత్తులో, అంటే నేల నుంచి 22 సెం.మీ. ఎత్తులో బిగించి పట్టుకోండి. నడుమ తాడు మట్టికి తగలకపోతే రాక్స్ దాటుతుంది. తగిలితే అదే తాడును 2450కి కుదించి మళ్ళీ పట్టండి. అప్పుడూ తగిలితే బండి మార్చడం కాదు, గడ్డపార పట్టుకోవడమే మార్గం. బస్తాలు వేస్తే వెనక కిందికి కుంగుతుంది గనక తాడు ఎత్తు మరో రెండు మూడు సెంటీమీటర్లు తగ్గించి చూడడం మంచిది.

నేను ఈ తాడు విద్య నేర్చుకున్నది నష్టపోయాకే. చాలా ఏళ్ళ కిందట మారేడుమిల్లి అడవిలో ఒక లాంగ్ చాసీ జీపుతో గట్టు నెత్తికెక్కి అక్కడే ఆగిపోయాం. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, బరువంతా మాత్రం పొట్ట మీద ఉంది. ఇంజిన్‌కు ఎంత బలముంటే ఏం లాభం? నలుగురం మధ్యాహ్నం దాకా మట్టి తవ్వాం. ఎద్దుల బండికి ఈ బాధే లేదు. దానికి ఒక్కటే ఇరుసు, ఆనడానికి మధ్యలో ఏమీ ఉండదు.

ఇక ఘాట్ మలుపులు. ముందు చక్రాలు వెళ్ళిన గాడిలో వెనక చక్రాలు వెళ్ళవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు చక్రం ఆరు మీటర్ల వ్యాసార్ధంలో తిరిగితే 2450 బండికి వెనక చక్రం సుమారు 52 సెం.మీ. లోపలికి జరుగుతుంది, 2850 బండికి 72. మీ దారి మలుపులో లోపలి వైపు కాలువ ఉంటే ఆ 20 సెంటీమీటర్లలోనే టైరు దిగుతుంది. రాక్స్ ఫోర్ బై ఫోర్‌లో లోపలి వెనక చక్రాన్ని బ్రేకుతో ఆపి బండిని గిరుక్కున తిప్పే ఏర్పాటు ఉంది. వదులు మట్టిలో బాగా పనిచేస్తుంది. దాన్ని నమ్ముకుని బండి కొనమని మాత్రం అనను.

పొట్టి బండికీ ఒక దుర్గుణం ఉంది. బరువు లాగుతున్న ట్రాక్టర్ ముందు టైర్లు గాల్లోకి లేవడం చూసే ఉంటారు. నిటారు ఎక్కుడులో బరువంతా వెనక ఇరుసు మీదికి జారుతుంది, వీల్‌బేస్ తగ్గినకొద్దీ ఆ జారుడు పెరుగుతుంది. ముందు చక్రాలు తేలికయ్యాక స్టీరింగ్ తిప్పినా బండి వినదు. దిగుడులో జారుడు మట్టి మీద గట్టిగా బ్రేకు తొక్కితే పొట్టి బండి తోక ముందుకు తిరుగుతుంది.

నా మాట: తాడు తగలకపోతే రాక్స్ కొనండి. మూడు తలుపుల థార్‌లో వెనక సీటు ఉంచుకుని కాఫీ బస్తా పెట్టుకోవడానికి చోటే ఉండదు.

ప్రశ్న: మా ఆయన కుర్రతనం ఇంకా పోలేదు, మూడు తలుపుల బండే కావాలంటారు. ఇద్దరు పిల్లలు, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. రెండేళ్ళలో లద్దాఖ్ కూడా వెళ్తామంటున్నారు.
– గృహిణి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు సీటు మడిచి, కాలు పైకెత్తి, వంగి వెనక్కి దూరడం మీ అత్తగారి వల్ల అయ్యే పని కాదు. ఆ ఒక్క మాటతో తేలిపోవాలి. తేలకపోతే ఇంకోటి చెప్పండి. పొట్టి బండిలో వెనక కూర్చున్నవాళ్ళు దాదాపు ఇరుసు నెత్తినే ఉంటారు, ప్రతి స్పీడ్‌బ్రేకరూ నేరుగా నడుముకే తెలుస్తుంది. పొడవు బండిలో సీటు ఇరుసుకు ముందుంటుంది కాబట్టి ఆ ఊపు సగం దారిలోనే చల్లారుతుంది. హైదరాబాద్ నుంచి లేహ్‌కు రెండున్నర వేల కిలోమీటర్లకు పైమాటే, అందులో నూటికి తొంభై పాళ్ళు తారు రోడ్డు. హైవే మీద వేగంలో నిలకడగా పోయేది కూడా పొడవు బండే. మీ ఆయనను ఒక ఆదివారం అద్దె థార్ వెనక సీట్లో వికారాబాద్ దాకా తీసుకెళ్ళండి. నడిపేది మీరు.

ప్రశ్న: మాది రేగడి నేల. వాన పడితే ట్రాక్టర్ తప్ప ఏదీ పొలానికి పోదు. పొట్టి బండి దిగబడదని ఊళ్ళో అంటున్నారు, నిజమేనా?
– రైతు, నంద్యాల జిల్లా

జవాబు: కాదు. తడి రేగడి ముందుగా టైరు గాళ్ళలో నిండుతుంది, నిండిన టైరు నున్నటి గుండే. అక్కడ పనికొచ్చేది వెడల్పు గాళ్ళున్న మడ్ టైర్లు, తక్కువ బరువు. వీల్‌బేస్ ఆ తరువాతి సంగతి. నిజం చెప్పాలంటే వాన వెలిసి ఒక రోజు ఆగడమే మేలు.

ప్రశ్న: పదిహేనేళ్ళు జిప్సీ నడిపాను. ఐదు తలుపుల జిమ్నీని సాగదీసి పాడుచేశారని నా అభిప్రాయం. మీరేమంటారు?
– విశ్రాంత ఉద్యోగి, అనంతపురం

జవాబు: మీ జిప్సీ కూడా సాగదీసిన బండేనండీ! 1985లో మారుతి తెచ్చిన జిప్సీకి మూలం సుజుకీ ఎస్‌జె 410. దాని పొట్టి రకం వీల్‌బేస్ 2030 మి.మీ., పొడవు రకానిది 2375. మనం పొట్టిదని ముద్దు చేసింది ఆ పొడవుదాన్నే. జిమ్నీ విషయానికొస్తే విదేశాల్లో తిరిగే మూడు తలుపులది 2250, 2023లో ఇక్కడికొచ్చిన ఐదు తలుపులది 2590. పొట్ట కోణం 28 నుంచి 24కు పడిపోయింది, ఆ మేరకు మీ ఫిర్యాదు న్యాయమే. కానీ బండి బరువు ఇంకా 1200 కిలోల దగ్గరే ఉంది, వెనక కోణం భేషుగ్గా ఉంది. బరువు తక్కువైన బండి పొట్ట ఆనినా ఇద్దరు మనుషులు జాకీతో బయటపడేస్తారు. రెండు టన్నుల బండికి ఆ మాట అనగలమా? కమాన్ కట్టల మీద పదిహేనేళ్ళు ఎగిరిన మీ నడుముకు కాయిల్ స్ప్రింగుల సుఖం కూడా ఒకసారి చూపించండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. జీప్ రాంగ్లర్ రెండు తలుపులదా, నాలుగు తలుపులదా? ఏడాదికోసారి యూటాలోని మోయాబ్ రాళ్ళ మీదికి వెళ్ళాలని కోరిక.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, టెక్సస్

జవాబు: ఇప్పటి రాంగ్లర్ రెండు తలుపులది 96.8 అంగుళాలు, నాలుగు తలుపులది 118.4. అంటే తేడా 21 అంగుళాల పైనే, మన థార్, రాక్స్‌ల మధ్య తేడా కన్నా బాగా ఎక్కువ. గుండ్రటి రాతి మూపుల మీద పొట్టిదే రాజు. అయితే మోయాబ్‌లో మెట్లు మెట్లుగా పేర్చినట్టుండే బండలూ ఉన్నాయి. అక్కడ కథ తిరగబడుతుంది. ముందు చక్రాలు 40 సెం.మీ. మెట్టెక్కితే పొట్టి బండి తొమ్మిది డిగ్రీలకు పైగా వెనక్కి వాలుతుంది, పొడవుది ఏడున్నర. వరసగా మూడు మెట్లొస్తే పొడవు బండిలో గుండె తక్కువ కొట్టుకుంటుంది. పైగా డాలస్ నుంచి అక్కడికి ఒక రోజంతా నడపాలి. ఏడాదికోసారే వెళ్తానంటున్నారు కాబట్టి నాలుగు తలుపులది తీసుకోండి. పొట్ట కింద ఉక్కు పలకలు మాత్రం తప్పకుండా వేయించండి, అక్కడ అవి గీసుకోవడం ఖాయం.

ప్రశ్న: పాత లాంగ్ చాసీ జీపును కోసి షార్ట్ చేయిస్తానంటున్నాడు మా మెకానిక్. చేయించవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: వద్దు నాయనా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన కొలతలు ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఇలాంటి మార్పులు కుదరవని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రేపు ఏదైనా జరిగితే బీమా కంపెనీ ముఖం చాటేస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, చాసీ పొట్టిదైతే వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా పొట్టిదై నిటారుగా వాలుతుంది, దాని జాయింట్లు అరిగి వేగం యాభై దాటితే బండంతా వణుకుతుంది. మీ మెకానిక్‌కు పని కావాలంటే బ్రేకులు చూడమనండి. పాత జీపుల్లో వాటికెప్పుడూ పని ఉంటుంది.