చివరి వరుసలో కూర్చున్న పిల్లవాడు

ఇన్షా అల్లాహ్, రానున్న షవ్వాల్ మాసం నుండి మేము ఒక మద్రసాలో బోధనా బాధ్యతలు స్వీకరించబోతున్నాము. ఇంతవరకు ఇమామత్ చేశాము, జుమా ప్రసంగాలు చేశాము, ఉర్దూ నుండి తెలుగులోకి కొన్ని వ్యాసాలు అనువదించాము. అయితే పిల్లల ముందు ఉస్తాదుగా కూర్చోబోవడం మాత్రం ఇదే మొదటిసారి.

ఈ సంగతి తెలిసి మా వీధిలోని ఒక సోదరి తన ఎనిమిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని వచ్చారు. "మౌల్వీ సాబ్! వీడు చెబితే వినే రకం కాదు. మీకే అప్పగిస్తున్నాను. ఎముకలు మావి, చర్మం మీది. ఎలాగైనా హాఫిజ్‌ను చేయండి" అన్నారు. తల్లి బురఖా చాటున నిలబడ్డ ఆ పిల్లవాడు మా ముఖం వైపు చూడలేదు. మా చేతుల వైపు చూశాడు.

ఎముకలు మావి, చర్మం మీది అనే మాట మన ఇళ్ళల్లో తరతరాలుగా వినిపిస్తున్నదే. తల్లిదండ్రులు ఆ మాటను కాఠిన్యంతో అనరు, ఉస్తాద్ మీద ఉన్న నమ్మకంతో అంటారు. కాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. చాలా ఏళ్ళ క్రితం మాతో కలిసి చదివిన మరో పిల్లవాడు గుర్తుకొచ్చాడు.

మధ్యలో లేచి వెళ్ళినవాడు

మేము హిఫ్జ్ చదివే రోజుల్లో మా తరగతిలో ఒక పల్లెటూరి కుర్రవాడు ఉండేవాడు. అతనికి నత్తి. ఆయతు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడు. ఫజ్ర్ తర్వాత సబఖ్, అంటే కొత్త పాఠం. మధ్యాహ్నం ఆమూఖ్తా, అంటే పాత పాఠం వినిపించాలి. నీళ్ళ తొట్టి దగ్గర బట్టలు ఉతుక్కుంటూ ఒంటరిగా చదివేటప్పుడు అతని నోట ఒక్క తప్పు దొర్లేది కాదు. ఉస్తాద్ ఎదుట కూర్చోగానే నాలుక బిగుసుకుపోయేది. తప్పుకు ఒక దెబ్బ. ఆ దెబ్బ భయంతో మరో తప్పు. దానికి మరో దెబ్బ.

మాకు పాఠం బాగా వచ్చేది కాబట్టి కొందరి ఆమూఖ్తా వినే పని మాకు అప్పగించబడింది. ఆ అబ్బాయి తప్పులు లెక్కపెట్టి ఉస్తాద్‌కు చెప్పింది మేమే. లెక్క సరిగ్గా చెప్పడమే నిజాయితీ అనుకున్నాము. కొన్నాళ్ళకు అతను జ్వరం వచ్చిందని అబద్ధాలు చెప్పసాగాడు. ఒకరోజు ఫజ్ర్‌కు లేచి చూస్తే అతని పరుపు చుట్టి ఉంది, ట్రంకు పెట్టె లేదు. అప్పటికి అతను పదకొండు పారాలు కంఠస్థం చేశాడు.

పదిహేనేళ్ళ తర్వాత ఒక బస్టాండు ఎదుట పంక్చర్ షాపులో అతణ్ణి చూశాము. గుర్తుపట్టి టీ తెప్పించాడు. ఇంతలో అసర్ అజాన్ వినిపించింది. "పద భాయ్, నమాజు చేసుకొద్దాం" అన్నాము. చిన్నప్పుడు మమ్మల్ని నువ్వు అని పిలిచినవాడు టైరు వైపు చూస్తూ, "మీరు వెళ్ళిరండి. ఖుర్ఆన్ చదువుతుంటే వింటే చాలు, నాకిప్పటికీ అరచేతులు మండుతాయి" అన్నాడు.

ఒక దాసునికీ అతని ప్రభువు గ్రంథానికీ మధ్య గోడ కట్టడానికి ఒక బెత్తం, ఒక తప్పుల లెక్క సరిపోతాయని ఆ రోజు మాకు అర్థమయింది. ఆ గోడలో ఒక ఇటుక మేము పేర్చినదే. అందుకే ఉస్తాద్ పీఠం మీద కూర్చునే ముందు, ఆ పీఠం మీద మనకంటే ముందు కూర్చున్నవారు ఎలా బోధించారో మళ్ళీ ఒకసారి చదువుకోవాలనిపించింది. చదివినదానిలో కొంత పాఠకులతో పంచుకుంటున్నాము.

ప్రవక్త (స) ఎలా బోధించారు?

క్రీ.శ. 610లో హిరా గుహలో దైవప్రవక్త (స)పై అవతరించిన తొలి ఆజ్ఞే చదవమన్నది. హి.శ. 2లో జరిగిన బద్ర్ యుద్ధంలో పట్టుబడ్డ ఖైదీలలో చదువు వచ్చి, పరిహారం చెల్లించలేనివారు మదీనాలోని పదేసి మంది పిల్లలకు రాత నేర్పితే విడుదల చేయబడ్డారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆకలితో ఉన్న సమాజం డబ్బుకు బదులు చదువు కోరిందన్నమాట! మస్జిదె నబవీలోని సుఫ్ఫా అరుగు మీద ఇల్లూ వాకిలీ లేని పేద సహాబాలు ఉండి చదువుకునేవారు. వేలాది హదీసులు మనకు అందించిన హజ్రత్ అబూ హురైరా (రజి) వారిలో ఒకరు.

ఇక బోధించిన తీరు చూడండి. హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి) కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు. జమాఅత్‌లో ఎవరో తుమ్మితే ఆయన నమాజులోనే పైకి దుఆ పలికారు. అందరూ ఆయన వైపు గుడ్లురిమి చూశారు. నమాజు ముగిశాక దైవప్రవక్త (స) ఆయన్ని కసరలేదు, కొట్టలేదు, నిందించలేదు. నమాజులో లోకుల మాటలు తగవని, అది తస్బీహ్, తక్బీర్, ఖుర్ఆన్ పారాయణం కోసమని నెమ్మదిగా తెలియజేశారు. అంతకుముందు గాని, ఆ తర్వాత గాని అంత మంచి ఉపాధ్యాయుణ్ణి తాను చూడలేదని ముఆవియా (రజి) స్వయంగా చెప్పిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. గమనించండి! తప్పు సరిదిద్దబడింది. కాని తప్పు చేసినవాని మనసు విరగలేదు.

అంధులైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) నేర్చుకోవాలనే తపనతో వచ్చినప్పుడు దైవప్రవక్త (స) ఖురైష్ పెద్దలతో మాట్లాడుతూ ఉన్నారు. ఆ సమయంలో ఆయన ముఖం చిట్లించినందుకు అల్లాహ్ 'అబస' సూరాను అవతరింపజేసి హెచ్చరించాడు. చూపులేని ఆ విద్యార్థి తన గురువు ముఖంలోని చిట్లింపును చూడనే లేదు! అయినా అల్లాహ్ ఆ సంగతిని వదిలిపెట్టలేదు. పెద్దల ముందు చిన్నవాణ్ణి, తెలివైనవాని ముందు వెనుకబడినవాణ్ణి పక్కన పెట్టే ప్రతి ఉపాధ్యాయునికీ ఇది ప్రళయం వరకు పాఠం.

ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ చదివేవానికి రెండింతల పుణ్యం ఉందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ హదీసును మా తరగతి గదిలో మేము ఎన్నోసార్లు విన్నాము. అది మా ఎదురుగా కూర్చున్న ఆ నత్తి కుర్రవాడి గురించేనని మాత్రం మాలో ఎవరికీ తోచలేదు. అల్లాహ్ రెండు పుణ్యాలు రాస్తున్నచోట మేము రెండు దెబ్బలు రాయించాము.

"మరి కొట్టమని హదీసులో లేదా?"

కొందరు సోదరులు ఈ ప్రశ్న అడుగుతారు. పిల్లలకు ఏడేళ్ళప్పుడు నమాజు చేయమని చెప్పాలని, పదేళ్ళ వయసులోనూ చేయకపోతే దండించవచ్చని హదీసులో ఉన్న మాట నిజమే. కాని ఆ రెండు వయసుల మధ్య మూడేళ్ళు ఉన్నాయి. రోజుకు ఐదు పూటల చొప్పున లెక్కవేస్తే ఐదు వేలకు పైగా సార్లు ఓపికతో చెప్పిన తర్వాతి మాట అది! ఆ దండన కూడా గాయపరచరాదని, ముఖంపై తగలరాదని ధర్మవేత్తలు షరతులు పెట్టారు. పైగా అది నమాజు విషయం. నాలుక తిరగకపోవడం, పాఠం ఎక్కకపోవడం నేరాలు కావు. దైవప్రవక్త (స) తన చేత్తో ఏ స్త్రీనీ, ఏ సేవకుణ్ణీ ఎన్నడూ కొట్టలేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. పదేళ్ళ పాటు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి) తనను ఆయన ఒక్కసారి కూడా ఛీ అనలేదని చెప్పారు.

పూర్వ పండితుల మాట

ఉపాధ్యాయుల ప్రవర్తన గురించి ముస్లిం పండితులు పన్నెండు వందల ఏళ్ళ క్రితమే గ్రంథాలు రాశారు. వాటిలో తొలినాటిది ఖైరవాన్ నగరానికి చెందిన ఇబ్నె సహ్నూన్ (రహ్మ) రచన. ఆయన క్రీ.శ. 870లో మరణించారు. ధనికుల పిల్లల్నీ పేదల పిల్లల్నీ సమానంగా చూడాలని, పిల్లలను సొంత పనులకు తిప్పుకోరాదని అందులో ఉంది. దండనను ఆయన పూర్తిగా కాదనలేదు. కాని దానికి హద్దులు గీశారు, కోపంతో కొట్టడాన్ని ఒప్పుకోలేదు.

ఇమామ్ గజాలీ (రహ్మ) 1091లో బగ్దాద్ నిజామియా మద్రసాలో ఆచార్యులయ్యారు. ఆ రోజుల్లో అంతకు మించిన పీఠం లేదు. నాలుగేళ్ళకే దాన్ని వదిలి వెళ్ళిన ఆయన, 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో ఉపాధ్యాయుని బాధ్యతలు వివరిస్తూ, శిష్యులను కన్నబిడ్డల్లా చూడటాన్ని మొదటి బాధ్యతగా పేర్కొన్నారు. తప్పును నలుగురిలో ఎండగట్టకుండా సూచనగా చెప్పాలని, విద్యార్థి బుద్ధికి అందినంతే బోధించాలని కూడా రాశారు.

1332లో ట్యునిస్‌లో జన్మించిన ఇబ్నె ఖల్దూన్ (రహ్మ) తన 'ముఖద్దమా'లో విద్యార్థులపై కాఠిన్యం చూపడం హానికరమంటూ ఒక ప్రకరణమే కేటాయించారు. దెబ్బల మధ్య పెరిగిన పిల్లవాడిలో ఉత్సాహం చచ్చిపోతుందని, సోమరితనం వస్తుందని, చేతుల నుండి తప్పించుకోవడానికి అబద్ధమూ మోసమూ నేర్చుకుంటాడని, చివరికి అదే అతని స్వభావంగా మారుతుందని హెచ్చరించారు. మా సహపాఠి జ్వరం నాటకం గుర్తుకొచ్చి ఆ పుట దగ్గర చాలాసేపు ఆగిపోయాము. అతనికి అబద్ధం నేర్పింది ఎవరు?

ఉపాధ్యాయుని ఒక్క చూపు ఏం చేయగలదో కూడా చరిత్ర చెబుతుంది. ఇమామ్ షాఫయీ (రహ్మ) తండ్రిలేని బిడ్డ. ఉస్తాద్‌కు రుసుము ఇచ్చే స్తోమత తల్లికి లేదు. ఉస్తాద్ లేనప్పుడు తోటి పిల్లలకు పాఠం చెబితే చాలునని ఆయన్ని ఉచితంగా చేర్చుకున్నారు. పేదరికం వల్ల ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) చదువు ఆగిపోయే స్థితి వచ్చినప్పుడు, ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఆయన రాకపోవడాన్ని గమనించి, కారణం అడిగి, డబ్బు సంచి చేతిలో పెట్టారని, అయిపోయిందని చెప్పకముందే మళ్ళీ ఇచ్చేవారని చరిత్రకారులు రాశారు. ఆ శిష్యుడే తర్వాత హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ రోజు హాజరు పుస్తకంలో గైర్హాజరు అని మాత్రమే రాసుకొని ఊరుకుంటే ఏమయ్యేది?

మన గడ్డ మీద

మన దక్కనులో మహమూద్ గవాన్ 1472లో బీదర్‌లో కట్టించిన మద్రసా గోడలు ఈనాటికీ నిలిచి ఉన్నాయి. అందులో విద్యార్థులు ఉండటానికి గదులు, పెద్ద గ్రంథాలయం ఉండేవి. హైదరాబాదులో జామియా నిజామియా 1876లో ప్రారంభమయింది. అంతకు పదేళ్ళ ముందు, 1866లో, దేవబంద్‌లోని ఛత్తా మస్జిద్ ఆవరణలో ఒక దానిమ్మ చెట్టు కింద ఒక ఉస్తాద్, ఒక శిష్యునితో పాఠం మొదలయింది. ఇద్దరి పేరూ మహమూదే! ఆ ఒక్క విద్యార్థే తర్వాతి కాలంలో షేఖుల్ హింద్‌గా ప్రసిద్ధి చెందిన మౌలానా మహమూద్ హసన్ (రహ్మ). భవనం లేకపోయినా మద్రసా నడుస్తుంది. విద్యార్థి మనసు లేచి వెళ్ళిపోతే మూడంతస్తుల భవనం ఉన్నా అది మద్రసా కాదు.

2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం మన దేశంలో 6 నుండి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడి ముఖం చూడనివారు లేదా మధ్యలో మానేసినవారు. పేదరికం దీనికి పెద్ద కారణమే. కాని గడప దాకా వచ్చిన పిల్లవాణ్ణి మనమే భయపెట్టి పంపితే ఆ లెక్కకు అల్లాహ్ ఎదుట ఎవరు జవాబుదారులు? 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కారుణ్యమూర్తి (స) అనుయాయులమైన మనకు ఇది చట్టం వచ్చి చెప్పవలసిన విషయమా?

మా సంకల్పం

అందుకే తరగతిలో అడుగు పెట్టేముందు మాకు మేము కొన్ని నియమాలు పెట్టుకున్నాము.

ఒకటి, పాఠం అడిగే ముందు పిల్లవాడు తిన్నాడా, నిద్రపోయాడా, ఇంటి నుండి కబురు వచ్చిందా అని అడుగుతాము.

రెండు, నాలుక తడబడే పిల్లవాని సబఖ్ అందరిలో కాకుండా విడిగా వింటాము. హజ్రత్ మూసా (అ) తన నాలుక ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ దుఆను ముందు ఆ పిల్లవానికి నేర్పుతాము.

మూడు, ఒక పిల్లవాని తప్పులు మరో పిల్లవాని చేత లెక్క పెట్టించము.

నాలుగు, కోపం వచ్చిన రోజు లేచి వెళ్ళి వుజూ చేసుకుంటాము.

ఐదు, ఎవరైనా రెండు రోజులు కనబడకపోతే ఇంటికి వెళ్ళి కనుక్కుంటాము.

తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. హిఫ్జ్ అందరికీ విధి కాదు. పిల్లవానికి కంఠస్థం కాకపోతే ఖుర్ఆన్ అర్థం తెలుసుకునే దారి ఉంది, ధర్మం నేర్చుకొని ఏదైనా వృత్తిలో స్థిరపడే దారి ఉంది. పొరుగింటి అబ్బాయి ఎన్ని పారాలు పూర్తి చేశాడో మీ అబ్బాయి ముందు లెక్కపెట్టకండి. వారానికి ఒక్కసారైనా వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టుకొని అక్కడ ఎలా ఉందో అడగండి. వాడు చెప్పింది నమ్మండి.

మరునాడు ఆ సోదరి ఇంటికి వెళ్ళి మేము చెప్పిన మాట ఇది: "బెహన్! చర్మం మాది కాదు, ఎముకలు మీవి కావు. రెండూ అల్లాహ్ అమానతు. మీ బిడ్డను పంపండి. ఎలా అప్పగించారో అలాగే తిరిగి అప్పగిస్తాము." తలుపు వెనక నుండి ఆ పిల్లవాడు తొంగి చూశాడు. ఈసారి మా ముఖం వైపు.

షవ్వాల్ కంటే ముందే ఆ బస్టాండుకు వెళ్ళాలనుకుంటున్నాము. అతనికి బోధించడానికి కాదు, క్షమాపణ అడగడానికి. దాసుల హక్కుల విషయంలో ఆ దాసుడే క్షమించాలని మేము మిగతావారికి ఎన్నో జుమాల్లో చెప్పాము.

ఓ అల్లాహ్! మా పిల్లలకు నీ గ్రంథాన్ని ప్రియమైనదిగా చేయి. బోధించేవారి చేతుల్లో కారుణ్యాన్ని, మాటల్లో మృదుత్వాన్ని ప్రసాదించు. మా వల్ల నీకు దూరమైనవారిని నీ దయతో నీ వైపు మళ్ళించు. ఆమీన్.